నాకు సులువైన పాఠం వాళ్లకెందుకు కొరుకుడు పడటం లేదు?

ఈసారి ఉత్తరం క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ నుంచి వచ్చింది. రాసినావిడ హైదరాబాదులో జపనీస్ నేర్చుకుని, కొన్నేళ్లు ఒసాకాలో అనువాదకురాలిగా పనిచేశారు. అక్కడ సరదాకు మొదలుపెట్టిన కొరియన్ కూడా బాగానే పట్టుబడింది. భర్త ఉద్యోగరీత్యా జాగ్రెబ్ చేరాక ఒక చిన్న ప్రైవేటు భాషాకేంద్రంలో రెండు భాషలూ బోధిస్తున్నారు. క్రొయేషియన్‌లో పత్రిక చదవగలరు, పాఠం చెప్పగలరు, ‘ఫోనులో పోట్లాడేంత మాత్రం రాదు’ అంటున్నారు.

కేంద్రంలో వాడుతున్నవన్నీ ఇంగ్లీషు వచ్చినవాళ్ల కోసం తయారైన పుస్తకాలు. క్రొయేషియన్‌లోనే, జపనీస్‌కూ కొరియన్‌కూ కలిపి ఒక పాఠ్యపుస్తకం తయారు చేయమని యజమాని అడిగారట. ఆవిడ సంబరంగా సగం రాసి ఇచ్చారు. యజమాని దాన్ని జపాన్ అధ్యయనాలు చదివిన ఒక స్థానిక సహోద్యోగికి చూపించారు. వయసులో చాలా చిన్నవాడు. అతను పేజీల నిండా ఎర్రసిరాతో దిద్ది, సమావేశంలో అందరి ముందూ ‘ఇది మావాళ్ల కోసం రాసినట్టు లేదు, మీవాళ్ల కోసం రాసినట్టు ఉంది’ అన్నాడు. యజమానేమో ఈ గొడవంతా ఎందుకు, వాడుతున్న ఇంగ్లీషు పుస్తకాన్నే క్రొయేషియన్‌లోకి మార్చేద్దాం అంటున్నారు. ‘విద్యార్థులు నా క్లాసు బాగుందంటారు. కానీ ఒక పొడుగు వాక్యం ఇస్తే చేతులెత్తేస్తున్నారు. ఈ మూడు భాషల్లో ఏదీ నా మాతృభాష కాదు. పుస్తకం ఆ అబ్బాయికి వదిలేసి తప్పుకోనా, పట్టుబట్టి నా పేరుతోనే పూర్తి చేయనా?’ అన్నది ఆవిడ ప్రశ్న. ఉచ్చారణను ఏ లిపి పద్ధతిలో చూపాలన్న దానిపై కూడా ఇద్దరికీ పేచీ నడుస్తోందట.

మీరు పంపిన రెండు నమూనా పాఠాలూ చదివాను. ఆ అబ్బాయి నలుగురిలో అలా అనడం మర్యాద కాదు. అన్న విషయం మాత్రం నిజం. మీ పుస్తకంలో లోపాలు ఎక్కడున్నాయో ఆ ఒక్క మాటతో తెలిసిపోతోంది.

విశేషణ వాక్యాల పాఠమే చూడండి. జపనీస్‌లో ‘కినో కత్తా హోన్’ అంటే ‘నిన్న కొన్న పుస్తకం’. కొరియన్‌లో ‘ఒజె సన్ చెక్’. మూడింటిలోనూ మాటల వరుస ఒక్కటే. తెలుగు వచ్చినవాళ్లు ఇందులో కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. అందుకే మీరు అరపేజీలో నాలుగు ఉదాహరణలిచ్చి ముందుకు వెళ్లిపోయారు. మీ విద్యార్థి నోట ఇదే భావం ‘క్న్యిగా కోయు సమ్ యుచెర్ కుపియో’ అని వస్తుంది. ముందు పుస్తకం. వెంటనే ‘ఏదైతే’ అనే అర్థమిచ్చే సర్వనామం, అదీ పుస్తకం స్త్రీలింగమనీ ఇక్కడ కర్మగా ఉందనీ చూసుకుని రూపం మార్చుకోవాలి. నిన్న, కొనడం ఆ తర్వాతే. జపనీస్ వాక్యంలో అతను ఆ సర్వనామం కోసం వెతుకుతాడు. దొరకదు. ‘నిన్న కొన్నాను’ దాకా చదివి వాక్యం ముగిసిందనుకుంటాడు, అంతలో ‘హోన్’ వచ్చి మీద పడుతుంది. ‘అమ్మ నిన్న కొన్న పుస్తకం చదువుతున్న అబ్బాయి’ లాంటి వాక్యం ఇస్తే ఇక చెప్పేదేముంది!

దీనికి అరపేజీ చాలదు, మూడు పాఠాలు కావాలి. మొదటి పాఠంలో ఏమీ రాయించవద్దు, నామం కింద గీత గీసి, అక్కడి నుంచి వెనక్కి చదివించండి. రెండో పాఠంలో రెండు చిన్న వాక్యాలను ఒకటిగా కలిపించండి. పొడుగు వాక్యాలు మూడో పాఠంలో మాత్రమే. ‘లేచి, మొహం కడుక్కుని, టిఫిను తిని’ అన్నట్టు పనులను గొలుసుకట్టుగా చెప్పే జపనీస్ ‘ఒకితె, అరత్తె, తబెతె’ రూపం సంగతీ ఇంతే. మనకు అది ‘చేసి, చూసి’తో సమానం. క్రొయేషియన్‌లో ‘ప్రొచితావ్షి’ (చదివి) లాంటి రూపం ఉన్నా అది పుస్తకాల్లో కనిపించేదే తప్ప మాటల్లో వినిపించదు. వాళ్లు రోజువారీ సంభాషణలో ప్రతి క్రియనూ పూర్తి చేసి, మధ్యలో ‘మరియు’ పెట్టుకుంటూ పోతారు. మీకు చేతికందిన మెట్టు వాళ్లకు ఇంకా కట్టలేదన్నమాట.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మీ రెండో నమూనాలో జపనీస్‌లో సాధనాన్ని చెప్పే ‘దె’కూ, తోడును చెప్పే ‘తొ’కూ తేడా వివరించడానికి ఒక పేజీ మొత్తం ఖర్చు పెట్టారు. ‘కత్తితో కోశాను’, ‘స్నేహితుడితో వెళ్లాను’ అని మనం రెండింటికీ ‘తో’ వాడతాం. ఇంగ్లీషులోనూ రెండింటికీ ఒకే మాట. ఆ పేజీ మీకూ, మీరు చదువుకున్న ఇంగ్లీషు పుస్తకానికీ అవసరం. క్రొయేషియన్‌లో కత్తితో అనాలంటే ఏ విభక్త్యవ్యయమూ లేకుండా ‘నోజెమ్’ చాలు, స్నేహితుడితో అనాలంటే ముందు ‘స్’ చేర్చి ‘స్ ప్రియతెల్యెమ్’ అంటారు. ఆ విభజన వాళ్ల భాషలోనే ఉంది. మాట్లాడేటప్పుడు చాలామంది ఆ ‘స్’ను కత్తికీ కారుకీ కూడా తగిలిస్తారు, బడిలో టీచర్లు దిద్దుతుంటారు, కాబట్టి ‘మీ టీచరు దిద్దిన ఆ తప్పు గుర్తుందా?’ అని రెండు పంక్తులు రాస్తే ఒక పేజీ మిగులుతుంది.

జపనీస్‌లోని ‘వ’, ‘గ’ అనే ప్రత్యయాల తేడా ఇంతకన్నా పెద్ద లాభం. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని వివరించలేక వివరించలేక అలిసిపోతాయి. ‘ఉ సోబి యె మాచ్కా’ అంటే ‘గదిలో పిల్లి ఉంది’, ‘మాచ్కా యె ఉ సోబి’ అంటే ‘పిల్లి గదిలో ఉంది’. మనలాగే వాళ్లూ కొత్త సంగతిని మాటల వరుసతోనే చూపుతారు. మొదటిదానికి ‘హెయా ని నెకొ గ ఇరు’, రెండోదానికి ‘నెకొ వ హెయా ని ఇరు’ అని పక్కపక్కన పెడితే సిద్ధాంతం అక్కర్లేదు. కొరియన్‌లోని రెండు ప్రత్యయాలకూ ఇదే దారి. మనుషులను లెక్కపెట్టే ‘హితొరి, ఫుతారి’ కూడా అంతే. మనకు ‘ఇద్దరు, ముగ్గురు’ ఉన్నట్టే వాళ్లకు ‘ద్వొయె, త్రొయె’ ఉన్నాయి. ఇంగ్లీషు పుస్తకాన్ని అనువదిస్తే ఈ సొమ్మంతా పోతుంది. అనువాదానికి అసలు ప్రచురణకర్త అనుమతి కావాలన్న సంగతి మీ యజమానికి వేరే చెప్పాలి. అది లేకుండా ముందుకు వెళితే పుస్తకం బయటికి వచ్చిన రోజే చిక్కు మొదలవుతుంది.

తెలుగువాళ్లూ క్రొయేషియన్లూ కలిసి బోల్తాపడే చోట్లు కూడా ఉన్నాయి. ‘బడిలో ఉన్నాడు’, ‘బడిలో చదువుతున్నాడు’ అని మనం రెంటికీ ‘లో’ వాడతాం. క్రొయేషియన్‌లోనూ రెంటికీ ‘ఉ ష్కొలి’. జపనీస్‌లో ఉనికికి ‘ని’, పని జరిగే చోటుకు ‘దె’. కొరియన్‌లో ‘ఎ’, ‘ఎసొ’. ఇక్కడ మీకు మీరే మంచి పరీక్షాపాత్ర. మొదట్లో మీరు చేసిన తప్పులే వాళ్లూ చేస్తారు.

ఇలాంటి చోట్లను ఊహతో కాక కాగితం మీద పట్టుకోవాలి. గత సంవత్సరం విద్యార్థులు రాసిన ఇంటిపని మీ దగ్గర ఉండే ఉంటుంది. తప్పులన్నిటినీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించి, ఒక్కోదాని పక్కన మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది క్రొయేషియన్ అలవాటు వల్ల వచ్చిందా, ఇంగ్లీషు పుస్తకం తప్పుదారి పట్టించడం వల్లా, నేను పాఠంలో దాటేయడం వల్లా? మొదటి ప్రశ్నకు జవాబు మీకు ఒంటరిగా తేలదు. అందుకు ఆ అబ్బాయి కావాలి. మూడో ప్రశ్నకు జవాబు చెప్పడం అతనికీ కష్టమే, ఎందుకంటే మీకు ఏది తేలికో అతనికి తెలియదు.

శబ్దాల విషయానికి వస్తే, దీర్ఘాలూ ద్విత్వాలూ మనకు ఉగ్గుపాలతో వచ్చినవి. ‘ఒబసాన్’ అంటే పిన్ని, ‘ఒబాసాన్’ అంటే అవ్వ. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. పప్పు, అక్క అనే మనిషికి ఇందులో చిక్కేముంది? క్రొయేషియన్‌లో ద్విత్వం దాదాపు లేదు. ‘నాయ్‌యాచి’ లాంటి కొన్ని మాటల్లో ఉపసర్గ అతికిన చోట తప్ప వినిపించదు. కానీ ప్రామాణిక క్రొయేషియన్‌లో హ్రస్వదీర్ఘాల తేడా ఉంది, రాతలో కనబడదంతే. ‘గ్రద్’ అని పొట్టిగా అంటే వడగళ్లు, ‘గ్రాద్’ అని సాగదీస్తే నగరం. పైగా గొంతు ఎక్కించి దించే స్వరాలు నాలుగు రకాలున్నాయి, అంటే జపనీస్‌లోని స్వరస్థాయి తేడా వాళ్లకు పూర్తిగా కొత్త కాదు. ఇక్కడే ఒక మెలిక ఉంది: జాగ్రెబ్ నగరపు మాటతీరులో ఈ తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. తూర్పున ఉన్న స్లవోనియా నుంచి వచ్చిన విద్యార్థికి ‘నీ భాషలో ఉన్నదే’ అంటే వెంటనే అందుతుంది, జాగ్రెబ్‌లో పుట్టినవాడు మీ మొహం చూస్తాడు. కాబట్టి ఈ పోలికను పుస్తకంలో ఒక పక్క గడిలో పెట్టండి, అభ్యాసాన్ని దాని మీద మాత్రం కట్టకండి.

ఇంకో చిన్న సంగతి. మీరు ఒసాకాలో మాట్లాడటం నేర్చారు. ‘హషి’ అనే మాటకు వంతెన, తినే పుల్లలు అని రెండర్థాలు, స్వరం ఎక్కడ పెరుగుతుందో దాన్ని బట్టి తేడా తెలుస్తుంది. టోక్యోలో, ఒసాకాలో ఆ స్వరం దాదాపు తలకిందులు. ఆడియో పాఠాలు మీ గొంతుతో కాక టోక్యో ప్రాంతపు మాట్లాడేవారితో చేయించడం మేలు. నొచ్చుకోకండి, ఇది మీ జపనీస్ మీద తీర్పు కాదు.

కొరియన్‌లో అసలు కష్టం హల్లుల మూడు తెగలు. నిప్పుకు ‘పుల్’, గడ్డికి ‘ఫుల్’ (పకారానికి ఒత్తు పెట్టిన ధ్వని, పళ్లతో పలికేది కాదు), కొమ్ముకు గొంతు బిగబట్టి ‘ప్పుల్’. క్రొయేషియన్‌లో ‘ప’, ‘బ’ అనే రెండు తెగలే ఉన్నాయి, ఒత్తు పలకడం లేదు. మనకు ఒత్తక్షరాలు కాగితం మీదైనా ఉన్నాయి; నోటితో ఎంతమందిమి పలుకుతున్నామన్నది వేరే కథ. పెదవుల ముందు పలచని కాగితం పట్టుకుని పలికించడం పాత పద్ధతే. ‘ఫుల్’ అన్నప్పుడు కాగితం బాగా ఊగాలి, ‘ప్పుల్’ అన్నప్పుడు కదలకూడదు. దీన్ని మొదటి వారంలో ముగించి వదిలేయకండి, ప్రతి పాఠం చివరా ఒక పంక్తి ఉండాలి.

లిపి పేచీలో మీ ఇద్దరి వాదనలోనూ బలం ఉంది. మీరు జపనీస్‌ను రోమన్ అక్షరాల్లో రాయడానికి ప్రపంచమంతా వాడే హెప్‌బర్న్ పద్ధతి కావాలంటున్నారు, అతను క్రొయేషియన్ అక్షరాలతో రాద్దామంటున్నాడు. వాళ్ల లిపిలో ఒక్కో అక్షరానికి ఒక్కటే ధ్వని. ‘జె’ అక్షరం కనబడితే యకారంగానే చదువుతారు. హెప్‌బర్న్‌లో ‘జికాన్’ అని రాసి ఉంటే మీ విద్యార్థి ‘యికాన్’ అంటాడు, అది అతని తప్పు కాదు. వాళ్ల పత్రికల్లో హిరోషిమాలోని ‘షి’ని కొక్కెం పెట్టిన ‘ఎస్’తోనూ, సునామీ మొదటి ధ్వనిని ఉత్త ‘సి’తోనూ రాసే అలవాటు ఉంది. కాబట్టి అతని పద్ధతిలో మొదటి నెల ఉచ్చారణ చక్కగా వస్తుంది. రెండో నెలలో నిఘంటువు తెరిచినా, రైల్వేస్టేషను బోర్డు చూసినా, కీబోర్డు మీద జపనీస్ కొట్టబోయినా చిక్కు మొదలవుతుంది. మామూలుగా వాడే జపనీస్ కీబోర్డు పద్ధతుల్లో ‘సి’, ‘యు’ కొడితే ‘త్సు’ రాదు, ‘కు’ వస్తుంది.

మూడో దారి, రోమన్ లిపిని వీలైనంత త్వరగా వదిలేయడం. జపనీస్ వాళ్లు మొదట నేర్చుకునే లిపి హిరగానాలో మౌలికాక్షరాలు 46. కొరియన్ లిపి హంగుల్‌లో 24 మాత్రమే. 1446లో సెజాంగ్ రాజు ప్రకటించిన ఆ లిపిని ఒక వారంలో చదవడం నేర్పవచ్చు. పైగా కొరియన్‌కు 2000లో వచ్చిన అధికారిక రోమన్ పద్ధతి కొన్ని అచ్చులను రెండేసి అక్షరాలతో రాస్తుంది, క్రొయేషియన్ కన్ను వాటిని రెండు అచ్చులుగానే చదువుతుంది. కొరియన్‌లో రెండో పాఠం నుంచే రోమన్ తీసేయడం మంచిదని నా అభిప్రాయం. జపనీస్‌లో మొదటి కొన్ని పాఠాలకు క్రొయేషియన్ అక్షరాలు, పుస్తకం చివర హెప్‌బర్న్ పట్టిక ఇచ్చి చూడండి. దీనివల్ల సాయంత్రం బడలికతో వచ్చే ఉద్యోగస్తులు కొందరు మొదట్లోనే జారిపోవచ్చు. ఆ నష్టం మీ కేంద్రం భరించగలదా అన్నది యజమాని తేల్చాలి. తొలి పాఠానికి ఒక సూచన: విద్యార్థుల ఊళ్ల పేర్లు రాయించండి. అచ్చు ఒక్కటీ లేని ‘క్ర్క్’ ద్వీపం, విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపి కతకానాలో ‘కురుకు’ అవుతుంది, హంగుల్‌లో ‘క్‌’, ‘ర్‌’, ‘క్‌’లకు మూడు వేర్వేరు గళ్లు కట్టాల్సి వస్తుంది. అక్షరమాలల స్వభావం దానితోనే అర్థమవుతుంది, క్లాసులో నవ్వులు అదనం.

అచ్చుకు ముందు ఒక పేజీ నమూనా కాగితం మీద వేయించుకోండి. జపనీస్ ఫాంట్లు చాలావాటిలో కొక్కెం అక్షరాలు ఉండవు. కంప్యూటర్ వాటిని వేరే ఫాంటు నుంచి అరువు తెస్తుంది, ఒకే మాటలో ఒక అక్షరం లావుగా, ఒకటి సన్నగా పడుతుంది.

రెండు భాషలకూ ఒకే పుస్తకం అన్న ఆలోచన ఖర్చు చూసి పుట్టింది. 2021 జనాభా లెక్కల్లో క్రొయేషియా మొత్తం జనాభా 39 లక్షల లోపు, కాబట్టి యజమాని భయం అర్థం చేసుకోదగినదే. వాక్య నిర్మాణం, ప్రత్యయాలు, చైనా మూలం నుంచి వచ్చిన పదజాలం రెండింటికీ ఉమ్మడి: జపనీస్‌లో వాగ్దానం ‘యకుసొకు’, కొరియన్‌లో ‘యక్సొక్’. కానీ గౌరవ వాచకాల దగ్గర రెండూ విడిపోతాయి. ‘నాన్నగారు వచ్చారు’ అని మనం బయటివాళ్లతో కూడా అంటాం, కొరియన్‌లోనూ అంతే. జపనీస్‌లో పరాయివాళ్లతో సొంత తండ్రి గురించి చెప్పేటప్పుడు గౌరవం తగ్గించి ‘చిచి’ అనాలి. క్రొయేషియన్‌లో ‘తి’, ‘వి’ అని ఎదుటి మనిషికి ఇచ్చే మర్యాద మాత్రమే ఉంది, అక్కడ లేని నాన్నకు క్రియలో గౌరవం చూపే అలవాటు లేదు. ఈ పాఠాన్ని ఒకే పేజీలో రెండు భాషలకు చెబితే రెండూ కలగాపులగం అవుతాయి. ఉమ్మడి వ్యాకరణం ఒక పలుచని పుస్తకంగా, పాఠాలు రెండు విడి పుస్తకాలుగా చేస్తే ఖర్చు కొంత పెరుగుతుంది, రెండేళ్ల తర్వాత ఒకదాన్ని సవరించడం మాత్రం తేలిక. క్రొయేషియన్‌లో రాసిన పుస్తకాన్ని పొరుగు బోస్నియా, సెర్బియా, మాంటినీగ్రో వాళ్లు కూడా చదవగలరని యజమానికి గుర్తు చేయండి. అట్ట మీద భాష పేరు ఎలా వేయాలన్నది అక్కడ సున్నితమైన విషయం, దాన్ని స్థానికులకే వదలండి.

ఇంకా చిన్నగా మొదలుపెట్టే దారి కూడా ఉంది. 2013లో కొరియా టీవీ వాళ్ల యాత్రా కార్యక్రమం ఒకటి క్రొయేషియాలో చిత్రీకరించిన తర్వాత అక్కడికి కొరియన్ పర్యాటకులు బాగా పెరిగారు, 2018లో సియోల్ నుంచి జాగ్రెబ్‌కు నేరుగా విమానం కూడా మొదలైంది. దుబ్రోవ్నిక్, ప్లిత్‌విత్సె సరస్సుల దగ్గర గైడ్లకూ హోటల్ సిబ్బందికీ ముందు కావలసింది మర్యాద రూపాలు, అంకెలు, సమయం, దారి చెప్పడం. అలాంటివాళ్ల కోసం ఒక చిన్న కొరియన్ పుస్తకం తెస్తే మీ ఇద్దరి పొత్తు ఎలా ఉంటుందో తక్కువ నష్టంతో తేలిపోతుంది. పాటలూ సీరియళ్లూ చూసి వచ్చిన పిల్లలకు అది రుచించదు, అది దాని లోపం.

ఇక మీ అసలు ప్రశ్న. మీరు తప్పుకుంటే ఆ అబ్బాయి ఒక పుస్తకం రాయగలడు, జపనీస్‌లో. కొరియన్ అతనికి వచ్చినట్టు మీ ఉత్తరంలో లేదు. మీరు పట్టుబట్టి ఒంటరిగా రాస్తే పుస్తకం పూర్తవుతుంది, ‘నిన్న కొన్న పుస్తకం’ దగ్గర విద్యార్థులు మళ్లీ ఆగుతారు, ఎర్రసిరా మళ్లీ వస్తుంది. ఇద్దరి పేర్లతో రాస్తే పని నెమ్మదిగా సాగుతుంది, కొన్ని సాయంత్రాలు కోపంతోనే ఇంటికి వెళతారు. నాకైతే ఇదే మొగ్గు, కానీ ఒక షరతు మీద: ఎవరు ఏం రాస్తారో ముందే కాగితం మీద ఉండాలి. రెండు భాషల నిర్మాణం, పాఠాల వరుస మీవి. క్రొయేషియన్ వివరణలు, ఏ పాఠానికి ఎన్ని పేజీలన్న తూకం అతనివి. అతనికి సహరచయిత హోదా ఇష్టం లేకపోతే జీతం తీసుకునే సమీక్షకుడిగా ఉండమనండి. అప్పుడు చివరి మాట మీదే, కానీ అతని శ్రద్ధ అంతే ఉంటుందని ఆశించవద్దు. జాగ్రెబ్, పూలా విశ్వవిద్యాలయాల్లో జపనీస్ చెప్పేవారున్నారు. పూర్తయిన రాతప్రతిని అలాంటి మూడో మనిషికి చూపిస్తే మీ ఇద్దరి మధ్య తగువులు సగం అక్కడే తీరతాయి.

‘ఏదీ నా మాతృభాష కాదు’ అన్న దిగులు గురించి ఒక్క మాట. పెద్దయ్యాక కూర్చుని నేర్చుకున్న మనిషికి భాషలో కీళ్లు ఎక్కడున్నాయో గుర్తుంటుంది. పుట్టుకతో వచ్చినవాళ్లకు ఆ వివరం అడిగితే తప్ప తట్టదు. మీ అర్హత అదే. దాన్ని అతని ముందు నిరూపించాల్సిన పని లేదు, ఆ సమావేశంలో అన్న మాట గురించి మాత్రం విడిగా, ఒక్కసారి, సూటిగా అడగండి: ‘దిద్దుబాట్లు నాకు ముందు చూపించండి, తర్వాత మిగతావాళ్లకు.’

ఇదంతా జరిగేలోపు మీ ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. జీతం మీద రాసిన పాఠాల హక్కులు ఎవరివని అందులో ఉందో చూసి, లేకపోతే స్థానిక న్యాయవాదిని ఒక గంట అడగండి. పేరు అట్ట మీద వేయడం, డబ్బు హక్కు రెండూ వేర్వేరు సంగతులు; మొదటిదాన్ని మీ అనుమతి లేకుండా తీసేయడం యూరప్‌లో అంత తేలిక కాదు, రెండోదాన్ని సంతకం పెట్టి ఇచ్చేసే అవకాశం ఎక్కువ. యజమాని అనువాదం మాట మళ్లీ ఎత్తే ముందే, విశేషణ వాక్యాలకు మీరిద్దరూ కలిసి కొత్తగా రాసిన మూడు పాఠాలు ఆయన బల్ల మీద ఉంటే మాట్లాడటం సులువవుతుంది.